గుర్వమ్మ కత్తిరించిన చిందీలు

అమ్రాబాద్ ఠాణాకు ఎదురుగా, దారి దాటితే మేర లచ్చయ్య ఇల్లు. ముందర ఒక పంచ, పంచలో కుట్టుమిషను, వెనుక ఒక్క అర్ర, అంతే. లచ్చయ్య బతికున్నన్నాళ్లు ఠాణా జవాన్ల ఖాకీ బట్టలన్నీ ఆ మిషను మీదనే తయారయ్యేవి. ఆయన కాలం చేసిన తరువాత ఆయన భార్య గుర్వమ్మ ఆ మిషను ముందు కూర్చుంది. ఊరు దాన్ని వింతగా చూడలేదు. లచ్చయ్య ఉన్నప్పుడు కూడా కాజాలు తీసింది, గుండీలు కుట్టింది ఆమే.

గుర్వమ్మ పుట్టిల్లు నల్లగొండ పక్కన పానగల్లు. పెళ్లయిన కొత్తలో నల్లమల అంచుకు కాపురానికి వచ్చి, "మా బాపు నన్ను గుడులున్న ఊరి నుంచి తెచ్చి గుడ్డెలుగులున్న ఊర్ల ఇడిసిపెట్టిండు" అని నవ్వుతూ చెప్పేదట. గుడి లేని లోటు ఆమె మిషనుతోనే తీర్చుకుంది. తెల్లవారి వాకిలి ఊడ్చి, స్నానం చేసి, మిషను చక్రానికి బొట్టు పెట్టి, సూదుల డబ్బాకు దండం పెట్టుకున్న తరువాతనే కత్తెర పట్టేది. "ఉమామహేశ్వరా, ఇయ్యాల ఎవరి బట్టా చెడకుండ సూడు" అని అనుకునేది. అంతకుమించి దేవుణ్ణి ఏమీ అడిగేది కాదు.

బట్టలు కుట్టే ఇండ్ల మీద లోకానికి ఒక అపవాదు ఉంది, ఇచ్చిన బట్టలో ఇంత మిగుల్చుకుంటారని. లచ్చయ్య తల్లి ఆ మాట పడలేక ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టింది. మిగిలిన బట్టను మూటకట్టి దాచవద్దు, కుట్టు లోపలే మడిచి వదలాలి. ఎవరి బట్ట వారి ఒంటి మీదనే పోవాలి. అత్త నేర్పిన ఆ మాట గుర్వమ్మకు వేదం. ఎవరి అంగీ కుట్టినా లోపల ఒక వేలు వెడల్పు బట్ట వదిలేది. చిన్నపిల్లల అంగీలకైతే ఇంకా ఎక్కువ. పిల్లవాడు ఎదిగినకొద్దీ తల్లులు ఆ కుట్టు విప్పుకొని, ఆమెను తలచుకొని, మళ్లీ కుట్టుకునేవాళ్లు.

పక్కింటి మేదరి నాగులమ్మ గంపలు అల్లుకుంటూ ఎకసెక్కాలాడేది.

"ఓ గుర్వక్కా, నా రైక విప్పితే ఇంకో రైకైతది. గింత బట్ట లోపల పెట్టి కుట్టినవు, నన్నేమన్న కుంభకర్ణుని చెల్లె అనుకున్నవా?"

"తింటవు గదనే, లావైతవు. అప్పుడు నా పేరు తలుసుకుంటవు."

"లావయ్యే తిండి నువ్వు పెడుతున్నవా ఏంది?"

"పొద్దుగాల నా సట్టిల గట్క నాకింది ఎవ్వరు మరి? పిల్లి తిన్నదా?"

నాగులమ్మ వెదురుబద్ద చూపించి బెదిరించేది. గుర్వమ్మ కత్తెర ఆడించేది. ఇద్దరూ ఒకరి పొయ్యిలో నిప్పు ఒకరు తెచ్చుకునేవాళ్లే.

ఖాకీ బట్టలతో పాటు ఠాణా నుంచి ఆ ఇంటికి ఇంకొక పని కూడా వచ్చేది. తుపాకి గొట్టం లోపల తుడవడానికి జవాన్ల దగ్గర ఒక తాడు ఉంటుంది. ఒక కొసన వేలంత ఇత్తడి గుండు, రెండో కొసన తాడుతోనే అల్లిన కన్నాలు. కన్నంలో గుడ్డపీలిక దూర్చి, గుండును గొట్టం వెనుకవైపు నుంచి జారవిడిచి, మూతి వైపు నుంచి గుంజితే, పీలిక లోపలి మసిని తుడుచుకుంటూ బయటికి వస్తుంది. ఇంగ్లీషువాళ్లు పుల్‌త్రూ అని పిలిచిన ఆ తాడు జవాన్ల నోట ఫుల్‌తురు అయింది. గుడ్డపీలిక పేరు చిందీ. మెత్తబడిన పాత ధోవతులు తీసుకొని, ఉతికి, ఎండబెట్టి, చిందీలుగా కత్తిరించి, కట్టలు కట్టి ఠాణాకు ఇవ్వడం లచ్చయ్య పని. ఆయన తరువాత అదీ గుర్వమ్మకే వచ్చింది.

ఆ రోజుల్లో ఠాణాలో ఉన్నవన్నీ మస్కట్లు. మస్కట్టు గొట్టం లోపల నున్నగా ఉంటుంది, కొంచెం వెడల్పు. దానికి తగిన చిందీ కొలతను లచ్చయ్య కత్తిరించే పీట మీద గాటు పెట్టుకున్నాడు. ఆ గాటుకు అవతల గుర్వమ్మ ఒక వేలు వదిలేది. మస్కట్టు ఆ వేలిని ఎన్నడూ పట్టించుకోలేదు. చిందీ కాస్త బిగుతుగానైనా వచ్చేసేది. అందువల్ల తన చెయ్యి కొలత దాటుతున్నదని ఆమెకు తెలిసే సందర్భమే రాలేదు.

లచ్చయ్య పోయిన తరువాత ఆ పని ఆమెకే ఉంచినవాడు జమేదారు రామచంద్రం. గొంతు పెద్దది. ఆయన మామూలుగా మంచినీళ్లు అడిగినా ఊళ్లో కుక్కలు లేచి నిలబడేవి. కాని దినాలు గడిచిన మర్నాడే చినగని ఖాకీ లాగు ఒకటి తెచ్చి, "ఇది ఎక్కడన్న చినిగిందేమో సూసి కుట్టు గుర్వమ్మా" అని పంచలో పెట్టి పోయినవాడు కూడా ఆయనే. ఆమె లాగును తిప్పి తిప్పి చూసింది. ఎక్కడా చినగలేదు. ఇంట్లో పొయ్యి ఆరకూడదని ఆయన పడ్డ తంటా అర్థమై, గట్టిగా ఉన్న గుండీలే ఊడదీసి మళ్లీ కుట్టి ఇచ్చింది.

హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన రెండో ఏడు, వానలు పడే ముందర, ఠాణాకు కొత్తగా రైఫళ్లు వచ్చాయి. జమేదారు ఒక చిందీ ముక్క చేతిలో పట్టుకొని దారి దాటి వచ్చాడు.

"సూడు గుర్వమ్మా, మీద సూస్తే మస్కట్టూ రైఫలూ కవలపిల్లల లెక్కనే ఉంటయి. లోపల మాత్రం వేరే. రైఫలు గొట్టం సన్నం. నున్నగుండది, మెలికలు తిరిగిన గీతలుంటయి. చిందీ వదులైతే గీతల మసి గీతల్లనే ఉంటది. బిగుతైతే నడుమ కూసుంటది, ఎంత గుంజినా రాదు. గిగో, జిల్లా నుంచి తెచ్చిన నమూనా. గిట్లనే కత్తిరియ్యాలె."

గుర్వమ్మ ఆ ముక్కను వెలుగుకు పట్టి చూసింది. "గింత సన్నమా? అంచుల నూలు ఊడితే ఏం మిగుల్తది సాబు?"

"నూలు సంగతి తుపాకి సూసుకుంటది. నువ్వు కొలత సూసుకో."

ఆమె నమూనాను పీట మీద పరిచి, దాని పక్కన బొటనవేలు ఆనించి కత్తెర వేసింది. వేలు అక్కడ ఎందుకు ఆనిందో అడిగితే ఆమె కూడా చెప్పలేదు. వంట చేసే ఇల్లాలు ఎవరో వస్తారన్నట్టు ఎసట్లో పిడికెడు గింజలు ఎక్కువ పోసినట్టు, వేలు దానంతట అదే ఆనింది. నమూనా ప్రకారమే కత్తిరించానని ఆమె మనసారా నమ్మి, కట్ట కట్టి పంపింది.

రైఫళ్లు గ్రీజు పూసుకొని వచ్చాయి. వానాకాలమంతా వాటిని అట్లాగే గదిలో నిలబెట్టి, మస్కట్లతోనే పని నడిపారు. చిందీల కట్ట కూడా అక్కడే ఉండిపోయింది.

ఆ వానల్లోనే సైదులు అనే కొత్త జవాను తన భార్య బిక్షమ్మను కాపురానికి తెచ్చుకున్నాడు. వాళ్లది చౌటుప్పల్ దిక్కు. సైదులు నెమ్మది మనిషి. దారిలో ఎండుటాకు కనిపించినా తప్పుకొని నడిచే రకం. నౌకరి ఇంకా కచ్చా. జిల్లా నుంచి పెద్ద సాబు ముఆయినాకు, అంటే తనిఖీకి వచ్చి, ఆయుధాలు చూసి, మనిషిని చూసి, సరే అంటే పక్కా అవుతుంది. కాదంటే ఖాకీ విప్పి ఇంటికి పోవాలి. ఇంటి దగ్గర వాళ్లకు ఎదురుచూసే పొలమేమీ లేదు. బిక్షమ్మకు నెలలు నిండుతున్నాయి. తొలిచూలుకు పుట్టింటికి పోదామంటే తల్లి లేదు.

"తల్లి లేకపోతేంది, నేను లేనా? నా అర్ర ఉన్నది, నా మంచమున్నది" అని గుర్వమ్మ ఒక్క మాటలో ఆ దిగులు తీర్చేసింది. చింతచిగురు పప్పు వండితే ఒక గిన్నె ఆ పిల్లకు పోయేది. పుట్టబోయే బిడ్డకు ముందుగా కొత్త బట్ట కుట్టకూడదు కాబట్టి, మెత్తని పాత చీరలు ఉతికి మడతపెట్టి పెట్టింది. సైదులు ఆమెను పెద్దమ్మా అని పిలిచేవాడు.

వానలు వెనుకబట్టాయి. ముఆయినా రేపనగా, పొద్దున్నే జవాన్లందరూ వసారాలో కూర్చొని రైఫళ్లు బయటికి తీశారు. గ్రీజు తుడిచారు. అందరికంటే ముందు తన రైఫలు మెరవాలని సైదులు ఆత్రపడ్డాడు. కట్టలోంచి చిందీ తీసి, ఫుల్‌తురు కన్నంలో దూర్చి, గుండు జారవిడిచి గుంజాడు. కొంచెం వచ్చి ఆగింది.

"బిగుతుగున్నది" అన్నాడు.

"బిగుతుగుంటేనే మంచిగ తుడుస్తది, గుంజు" అన్నాడు పక్కనున్న జవాను.

సైదులు ఒక్క క్షణం ఆలోచించాడు. పెద్దమ్మ కత్తిరించింది, తప్పుండదు అనుకున్నాడు. కాలు తన్నిపెట్టి ఒళ్లంతా వేసి గుంజాడు. తాడు తెగి, వెల్లకిల పడ్డాడు. ఇత్తడి గుండు ఉన్న ముక్క చేతిలో ఉంది. చిందీ గొట్టం నడుమ కూర్చుంది.

ఠాణాకు గంపలు ఇవ్వడానికి పోయిన నాగులమ్మ ఈ కబురు మోసుకొచ్చింది.

"గుర్వక్కా, మీ సైదులుకు గండమొచ్చింది. తుపాకిల పేలిక ఇరికి తాడు తెగిందట. జమేదారు కేకలకు నా గంపలు కూడ భయపడ్డయి. రేపు పెద్ద సాబు గొట్టంల చూసిండంటే ఇగ నౌకరి ఉండదంటుండ్రు."

"పేలిక ఇరుకుడేంది?"

"రెండు పొరలు మడిచి పెట్టిన, తప్పు నాదే అని ఒప్పుకున్నడట పిలగాడు."

గుర్వమ్మ చేతిలో సూది ఆగింది. సైదులు రెండు పొరలు మడిచేవాడు కాడు. చెప్పిన పని చెప్పినట్టు చేసేవాడు. ఆమె లేచి, పీట కింద మిగిలి ఉన్న తన చిందీ ఒకటి తీసింది. దాని మీద జమేదారు ఇచ్చిన నమూనా పెట్టింది. పక్కన బొటనవేలంత బట్ట బయటికి కనిపించింది.

"నాగులూ, జర మిషను చూస్తుండు" అని ఆ రెండు ముక్కలూ పట్టుకొని దారి దాటింది. నాగులమ్మ మిషనును చూడలేదు, ఆమె వెనుకనే వచ్చింది.

వసారాలో బల్ల మీద రైఫలు పడుకోబెట్టి ఉంది. సైదులు తల వంచుకొని నిలబడ్డాడు. కాస్త దూరంలో గోడకానుకొని బిక్షమ్మ, కడుపు మీద చేతులు పెట్టుకొని. గుర్వమ్మ ఎవరినీ చూడకుండా రెండు ముక్కలూ జమేదారు ముందు పెట్టింది.

"సాబు, పిలగాడు అబద్ధం చెప్పిండు. పొరలు మడవలే. చిందీనే పెద్దది. నేనే కత్తిరించిన."

జమేదారు ముక్కలను చూశాడు, ఆమెను చూశాడు. "నీకు నేను నమూనా ఇచ్చిన్నా లేదా?"

"ఇచ్చినవు సాబు."

"మరి ఎందుకు పెంచినవు?"

"పెంచలే సాబు. వదిలిన."

"వదిలిన అంటే?"

"అంగీ కుట్టుల లోపల వదుల్తం గద, గట్ల. చెయ్యి అలవాటుల వదిలింది."

జమేదారు రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. "అయ్యో నా తల్లీ! రైఫలేమన్న బడికి పోయే పిలగాడా, ఏడాదికింత ఎదుగుతందుకు?"

అంత దుఃఖంలోనూ నాగులమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"పెద్దమ్మది తప్పు కాదు సార్" అన్నాడు సైదులు. "బిగుతుగున్నదని తెలిసే గుంజిన."

"ఇద్దరికిద్దరు దానకర్ణులే దొరికిండ్రు నాకు! తప్పు పంచుకునుడు తరువాత. ముందు గొట్టం ఖాళీ కావాలె."

ఒక జవాను ఇనుప తీగ కాల్చి లోపల పెట్టి గుడ్డను మాడ్చేద్దామన్నాడు. "గొట్టం ఆగమైతది, దాంతో పాటు నీ నౌకరి సుత కాలుతది" అని జమేదారు కసిరాడు. జిల్లాకు పంపితే అక్కడ సామాను ఉంది, మనుషులున్నారు. కాని పంపడమంటేనే విషయం పెద్ద సాబు బల్ల మీద పెట్టినట్టు. సైదులు తాడు ముక్కతో ఇంకా తడుముతున్నాడు, దొరికితే మళ్లీ గుంజుదామని.

"గుంజకు కొడుకా" అంది గుర్వమ్మ. "లాగుల నాడా ఉండకట్టి ఇరికితే ముందుకు గుంజినకొద్ది ఇంకింత బిగుస్తది. వచ్చిన దారినే ఎనుకకు తొయ్యాలె."

జమేదారు గడ్డం గోక్కున్నాడు. "మూతి దిక్కు నుంచి తోస్తే ఎనుకకు పోవచ్చు. కాని దేంతోటి తోస్తం? ఇనుముతోటి తోస్తే లోపలి గీతలు ఒరుసుకపోతయి."

అందరి చూపులూ నాగులమ్మ మీద పడ్డాయి. ఆమెకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "నా వెదురా?" అంది. "కొండ వెదురు తెస్త. లోపల డొల్ల లేకుండ గట్టిగుంటది. ఇరగదు." లేడిపిల్లలాగా ఉరికింది. ఆమె అంత వేగంగా ఉరకడం ఊరు ఎన్నడూ చూడలేదు.

తొలి పుల్ల గొట్టంలో దూరనే లేదు. ఆమె చెక్కి తెచ్చిన రెండోది మరీ సన్నగా ఉండి, లోపల విల్లులాగా వంగింది. "ఒకరికి లావు రోగం, ఒకరికి సన్నపు రోగం! ఈ ఠాణాల కొలత తెలిసిన మనిషి ఒక్కరన్న ఉన్నరా?" అని జమేదారు ఆకాశానికి మొరపెట్టుకున్నాడు. నాగులమ్మ కోపం తెచ్చుకోలేదు. గొట్టం మూతి దగ్గర కూర్చొని, కత్తితో పొరపొరగా చెక్కుతూ, చెక్కినప్పుడల్లా ఆనించి చూస్తూ, మూడో పుల్ల తయారుచేసింది. రెండు వైపుల నుంచీ నూనె పోసి గుడ్డను నానబెట్టారు. సైదులు రైఫలు నిలబెట్టి పట్టుకున్నాడు. జమేదారు పుల్ల కొస మీద కట్టెతో మెల్లగా తట్టాడు, పసిపిల్లను నిద్రపుచ్చినట్టు. పశువులు ఇండ్లకు తిరిగే వేళకు చిందీ వెనుకవైపు నుంచి నల్లగా, నూనె కారుతూ బయటపడింది.

బిక్షమ్మ గోడ వదిలి నేల మీద కూర్చుండిపోయింది. గుర్వమ్మ "ఉమామహేశ్వరా" అంది.

కాని ఆపద సగమే తీరింది. ప్రతి రైఫలుకూ దాని ఫుల్‌తురు దానికే ఉంటుంది. భుజానికి ఆనించే కర్ర కుందాలో ఇత్తడి మూత కింద చిన్న గూడు, అందులో చుట్టి పెడతారు. పెద్ద సాబు ఆ మూత కూడా తీసి చూస్తాడు. అక్కడ రెండు ముక్కలు కనిపిస్తాయి.

ఇందాక తీగ కాల్చుదామన్న జవాను ఈసారి చిన్న గొంతుతో, "గుర్వమ్మకు సూది ఉన్నది గద. కనబడకుంట కుట్టేస్తే అయిపాయె. ఆయన గుంజి సూడడు గద" అన్నాడు.

 జమేదారు అటు తిరిగి నిలబడ్డాడు. వద్దనడానికి నోరు రాలేదు, అవుననడానికీ రాలేదు. సైదులు తాడు ముక్కలు రెండూ గుర్వమ్మ చేతిలో పెట్టాడు. ఆమె వాటిని వేళ్ల మధ్య నలిపి చూసింది. మంచి పురి. తన సూదికి అది కష్టమైన పని కాదు. పురి విప్పి, పోగులో పోగు కలిపి, పైన దారం చుట్టి కుడితే దేవుడు కూడా కనుక్కోలేడు అనుకుంది. అనుకున్న మాటకు తనే ఉలిక్కిపడింది. కళ్లెత్తితే ఎదురుగా బిక్షమ్మ. ఊరికే చూస్తున్నది.

"కుట్టొచ్చు సాబు" అంది గుర్వమ్మ. "మీద సూస్తే కనబడది. కాని ఇది బరువు మోసే తాడు. నా కుట్టు గంత బరువు మొయ్యది. రేపు కాకపోతే ఎల్లుండి మళ్ల లోపలనే తెగుతది. అడవిల ఉన్నప్పుడు తెగితే పిలగాడు ఏం చెయ్యాలె? ఒక్కసారి నా చెయ్యి కీడు చేసింది. మళ్ల తెలిసి చెయ్యలేను." ముక్కలు సైదులు చేతిలో పెట్టేసింది. "నన్ను తిట్టుకో కొడుకా."

"తిట్టుకునుడు ఎందుకు పెద్దమ్మా" అన్నాడు సైదులు.

తెల్లవారి గుర్వమ్మ చక్రానికి బొట్టు పెట్టింది గాని, కత్తెర పట్టలేదు. ఠాణా వాకిట్లో వేప కింద పోయి నిలబడింది. లోపల జవాన్లు వరుస తీరారు. పెద్ద సాబు నెరిసిన మీసాలవాడు, మాట తక్కువ. ఒక్కొక్కరి రైఫలు తీసుకొని, వెనుక బొటనవేలి గోరు పెట్టి, గోటి మీద మెరిసే వెలుగులో మూతి వైపు నుంచి గొట్టం లోపల చూస్తూ వచ్చాడు. సైదులు దగ్గర ఆగి చూశాడు. తల ఊపాడు. కుందా మూత తీశాడు. తాడు ముక్కలు రెండూ ఆయన అరచేతిలో పడ్డాయి.

"ఇదేంటి?"

"తెగింది సార్. చిందీ బిగుతుగ ఉండె. తెలిసే గుంజిన."

"బిగుతుగా ఉందని తెలిసి ఎందుకు గుంజావు?"

గుర్వమ్మ ఇక నిలబడలేకపోయింది. వాకిట్లో పహరా జవాను "ఓ గుర్వమ్మా, ఆగు, ఆగు" అంటుండగానే లోపలికి నడిచింది.

"దండం సాబు. వాడు నన్ను చూసి గుంజిండు. చిందీ కత్తిరించింది నేను. నేను కత్తిరిస్తే తప్పుండదని వాని నమ్మకం." కొంగున కట్టుకున్న నమూనా, తన చిందీ విప్పి చూపించింది. కుట్టులో వదిలే వేలు సంగతి, అత్త పెట్టిన కట్టుబాటు, ఏదీ దాచకుండా చెప్పింది. "ఎవరి బట్ట వాళ్లకే పోవాలె అని వదిలిన సాబు. గొట్టానికి గది వద్దని నాకు తెల్వకపాయె."

పెద్ద సాబు రెండు ముక్కలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాడు. "ఇన్నేండ్లు కత్తిరిస్తున్నావు కదా, ఎప్పుడైనా ఒక్కసారి గుంజి చూశావా?"

"తుపాకి ముట్టుకునుడా? రామ రామ! ఆడిదాన్ని, నాకెందుకు సాబు?"

"గుంజి చూడకపోతే ఏది బిగుతో, ఏది వదులో నీ చేతికి ఎలా తెలుస్తుంది?" జమేదారు వైపు తిరిగాడు. "ఇంకొక ఫుల్‌తురు తీయండి."

ముందు ఆమె కత్తిరించిన చిందీనే దూర్చారు. సైదులు రైఫలు పట్టుకున్నాడు. గుర్వమ్మ తాడును కళ్లకద్దుకొని, రెండు చేతులా పట్టి మెల్లగా గుంజింది. కాళ్లు తన్నిపెట్టిన దూడలాగా అది మొండికేసింది. "చాలు, ఆపు" అన్నాడు పెద్ద సాబు. చిందీ పూర్తిగా లోపలికి పోకముందే వెనుక మిగిలిన కన్నం పట్టుకొని జమేదారు దాన్ని బయటికి లాగేశాడు. తరువాత నమూనా దూర్చారు. ఈసారి తాడు చేతిలో కదిలింది. ఊరికే జారిపోలేదు, ఆగనూ లేదు. నూనె రాసిన జడలోంచి పేలదువ్వెన దిగినట్టు, లోపలి ప్రతి గీతనూ తడుముకుంటూ, ఒకే తీరుగా, ఆమె చేతుల్లోకి వచ్చేసింది. గుర్వమ్మ నోరు తెరుచుకొని నిలబడింది.

"ఇంకొకసారి గుంజనా సాబు?" అంది. వరుసలో ఎవరో నవ్వాపుకోలేక దగ్గారు.

"గుంజు" అన్నాడు పెద్ద సాబు.

ఆమె రెండోసారీ గుంజింది. తాడు చుట్ట చుట్టి జమేదారుకు ఇచ్చిన తరువాత, తాను ఎందుకు లోపలికి వచ్చిందో జ్ఞాపకం వచ్చి, చేతులు జోడించింది. "పిలగాని నౌకరి సాబు. ఆ పిల్ల రేపో మాపో కననున్నది. సజా ఏదన్న ఉంటే నాకు వెయ్యుండ్రి, చిందీల పని తీసెయ్యుండ్రి."

పెద్ద సాబు తాడు ముక్కలను ఇంకొకసారి చూశాడు. "దీన్ని అతికి పెట్టి ఉంటే నేను గుంజి చూసేవాణ్ణి కాదేమో" అన్నాడు, ఎవరితోనో కాదు, తనతోనే అన్నట్టు. తరువాత సైదులుతో, "నౌకరి పక్కా చేస్తున్నాను. కాని బిగుతు తెలిసీ గుంజావు. అది మాఫీ లేదు. నెల రోజులు ఈ ఠాణా తుపాకులన్నీ నువ్వే తుడవాలి. ప్రతి తుపాకికీ ఏ చిందీ సరిపోతుందో నీ చేతికి రావాలి" అన్నాడు. ముందుకు రెండడుగులు వేసి ఆగాడు. "ఆమె పని ఎందుకు తీసేయడం? ఇప్పుడే కదా నేర్చుకుంది."

బిక్షమ్మ గోడ చాటు నుంచి అంతా విన్నది. ఆ వారంలోనే గుర్వమ్మ ఇంటి అర్రలో ఆడపిల్లను కన్నది. మంత్రసాని వచ్చేదాకా బిక్షమ్మ చెయ్యి పట్టుకొని కూర్చున్నది నాగులమ్మ. బిక్షమ్మ పట్టుకు తన గాజులు పగిలాయని ఊరంతా చెప్పుకొని తిరిగింది.

సైదులు రోజూ ఠాణా వసారాలో తుపాకులు వరుసగా పెట్టుకొని తుడిచేవాడు. మొదటి రోజే గుర్వమ్మ తన పీట, కత్తెర, ధోవతి ముక్కలు పట్టుకొని పోయి అతని పక్కన మెట్ల మీద కూర్చుంది. ఒకటి కత్తిరించేది, గుంజి చూసేది. బాగుంటే పక్కన పెట్టేది, లేకపోతే అంచు తరిగి మళ్లీ గుంజేది. మస్కట్టువి ఒక కట్ట, రైఫలువి ఇంకొక కట్ట. కత్తెర వేసేటప్పుడు బొటనవేలిని పిడికిట్లో మూసి పెట్టుకునేది, మళ్లీ పోయి ఆనకుండా.

జమేదారు వచ్చి చూశాడు. "సజా వానికి పడితే నువ్వు కూసుంటివేంది గుర్వమ్మా?"

"సగం నాది సాబు."

"పెద్ద సాబు సగం సగం అని చెప్పలేదే?"

"ఆయన చెప్పకుంటేంది? మీరు గింత ఎండల నిలబడి ఒర్రకుండ్రి, తల నొస్తది."

సైదులు నవ్వు కనపడకుండా రైఫలు మూతిలోకి చూశాడు. జమేదారు ఏదో గొణుక్కుంటూ లోపలికి పోయాడు. కాసేపటికి తన కుర్చీకి ఎదురుగా కిటికీకి వేలాడే వెదురుతడిక ఊడదీసి మోసుకొచ్చి, వసారా చూరుకు కట్టాడు. మెట్ల మీద ఎండ తప్పింది. కట్టిన తరువాత పోయి, కళ్లకు ఎండ కొడుతుంటే కళ్లు చికిలించుకుంటూ, తన కుర్చీలో కూర్చున్నాడు.